ప్లేటును కుడివైపు నుంచి నింపే పుష్ప

ఆ నెలలో పుష్పకు ఒళ్ళు మండించిన చప్పుడు ఒకటుంది. హైవే మీద లారీల హారన్ కాదు, షిఫ్టు మారేటప్పుడు మోగే కంపెనీ సైరన్ కాదు. అవి ఇస్నాపూర్‌లో పుట్టిన మనిషికి జోలపాటతో సమానం. ఇది చిన్న చప్పుడు. టింగ్. పక్క బల్ల దగ్గర కూర్చున్న శ్రీవాణి చేతిలోని స్కానర్ ట్యూబు మీద అంటించిన గీతల కాగితాన్ని చదివి టింగ్ అనేది. అన్న ప్రతిసారీ పుష్ప గుండెలో ఎవరో గోటితో గీకినట్టయ్యేది.

పుష్ప పనిచేసే ల్యాబు పటాన్‌చెరులో హైవే పక్కన, టైర్ల దుకాణం పైన ఉంటుంది. చుట్టుపక్కల క్లినిక్కుల నుంచి కఫం నమూనాలు అక్కడికి వస్తాయి. కాజీపల్లి కంపెనీల్లో మందుల పొడి పీల్చి, ఇస్నాపూర్ కిరాయి గదుల్లో పదిమంది పక్క పక్కన పడుకునే కూలీలవే ఎక్కువ. దగ్గు పట్టుకుంటే అది క్షయ వల్ల వచ్చిందో, కంపెనీ గాలి వల్ల వచ్చిందో తేల్చుకోవాల్సిన బాధ్యత ఆ కూలీదే. ఆ గాలి వదిలిన వాళ్ళకు ఏ బాధ్యతా లేదు. క్షయ సంగతి మాత్రం పీసీఆర్ పరీక్ష తేల్చి చెబుతుంది.

ఆ పరీక్షకు అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ ప్లేటు ఒకటి వాడతారు. దాంట్లో వరుసలు వరుసలుగా తొంభై ఆరు చిన్న గుంటలు. ఒక్కో గుంటలో ఒక్కో మనిషి నమూనా బొట్టు. మిషన్ ఏ గుంట వెలిగిందో చెబుతుంది గానీ ఆ గుంట ఎవరిదో దానికి తెలియదు. ఈ గుంట ఫలానా మనిషిది, ఈ గుంటలో క్షయ ఉందని మనకు ముందే తెలిసిన సరుకు పోశాం, ఈ గుంటలో ఉత్త నీళ్ళు పోశాం అని కంప్యూటరుకు ఎవరో ఒకరు చెప్పాలి. తెలిసిన గుంట వెలిగి, నీళ్ళ గుంట చీకటిగా ఉంటేనే ఆ రోజు పరీక్ష పరీక్ష. లేకపోతే చెత్తబుట్ట.

ఆ చెప్పే పని పుష్పది. రోజూ పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా గుంట తర్వాత గుంట మీద నొక్కి పేర్లు కొట్టేది. డాక్టర్ల కోడిగీతల్లోంచి ‘బిక్షపతి’ని, ‘బిపిన్ నాయక్’ని విడదీయడంలో ఆమెకు ఎదురులేదు. ల్యాబులో అందరూ ఆమెను ‘పేర్ల పుష్ప’ అనేవాళ్ళు. ఆ మాట విన్నప్పుడల్లా ఆమె నడుము ఇంకాస్త నిటారుగా అయ్యేది.

దానికో కారణముంది. పుష్ప ఆ ల్యాబులో చేరింది కింది అంతస్తులో, గాజు సామాను కడిగే సెక్షన్లో. సంగారెడ్డిలో ల్యాబు టెక్నీషియన్ కోర్సు చదివి కూడా బ్లీచింగు నీళ్ళల్లో చేతులు నానబెట్టుకుని బతికింది. అక్కడి నుంచి పైకి, చల్లగా ఏసీ ఆడే గదిలోకి, చక్రాల కుర్చీలోకి ఆమెను లాగింది కనకమహాలక్ష్మి అనే సీనియర్ టెక్నీషియన్. ఆమె రిటైరై వెళ్ళిపోయింది. కుర్చీ పుష్పకు మిగిలింది. కాంట్రాక్టు ఉద్యోగమే, ఏటా కాగితం మారుతుంది. అయినా కుర్చీ కుర్చీయే.

ఆ కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేయించి శ్రీవాణిని కూర్చోబెట్టాడు మేనేజర్ సూర్యారావు.

శ్రీవాణి ట్రైనీ. సంగారెడ్డి మార్కెట్ యార్డు దగ్గర వాళ్ళ నాన్న ప్రహ్లాద్‌కు ధాన్యం అడ్తి దుకాణం ఉంది. బయోటెక్నాలజీ చదివింది. వచ్చిన కొత్తలో పుష్ప వెనకాల నిలబడి, ఆమె పేర్లు కొట్టడం చూసి, “అక్కా, రోజూ ఇదంతా మీరే కొడ్తరా?” అంది.

“మరి మా తాత వచ్చి కొడ్తడా?” అంది పుష్ప.

ఆ పిల్ల నవ్వింది. నవ్వి ఊరుకోలేదు. కొన్నాళ్ళు తల వంచుకుని ఏదో చేసి కంప్యూటర్లో ఒక షీటు తయారు చేసింది. ట్యూబుల మీది గీతల కాగితాలను స్కానర్‌తో వరుసగా చదివిస్తే చాలు. ఆ షీటే ఏ గుంట ఎవరిదో రాసుకుని సాఫ్ట్‌వేర్‌కు అందిస్తుంది. తెర మీద ప్లేటు బొమ్మ గుంట గుంటకూ రంగు నింపుకుంటూ ఒక్క ఊపిరిలో తయారవుతుంది.

సూర్యారావు అది చూసి చప్పట్లు కొట్టాడు. “చూశావా పుష్పా! నువ్వు పొద్దున్నంతా కూర్చుని కొట్టేది ఎంతలో అయిపోయిందో!” అని, అదే ఊపులో, “ఇది సెట్టయితే ఈ గదికి ఒక్క మనిషి చాలు. రెండో మనిషి కింద కడిగే సెక్షన్లో సాయం చేయొచ్చు,” అన్నాడు.

ఆ రెండో మనిషెవరో ఆయన చెప్పలేదు. పుష్పకు చెప్పించుకోవాల్సిన అవసరమూ లేదు.

అప్పటి నుంచి మొదలైంది ఆమెకు కుళ్ళు. అంతా ఇంతా కుళ్ళు కాదు. శ్రీవాణి నీళ్ళ సీసాను చూస్తే కుళ్ళు, దాని మూత తీస్తే వచ్చే టప్ మనే చప్పుడు వింటే కుళ్ళు. సూర్యారావు శ్రీవాణిని “అమ్మా శ్రీవాణీ” అనేవాడు. తనను “ఏయ్ పుష్పా” అనేవాడు. ఆ ‘అమ్మా’కూ ఈ ‘ఏయ్’కూ మధ్య ఎంత దూరముందో పుష్పకు తెలుసు. ఆ దూరం చదువుది మాత్రమే కాదు. ఒకరి నాన్న తరాజు పట్టుకుని కూర్చుంటే, ఇంకొకరి తల్లి బస్తా ఎత్తుకుని నిలబడ్డ దూరం అది. అది శ్రీవాణి గీసిన గీత కాదు. కానీ కడుపుమంట అంత వివరంగా చూడదు, కంటికి దగ్గర్లో ఎవరుంటే వాళ్ళనే పట్టుకుంటుంది.

ఒకరోజు మధ్యాహ్నం శ్రీవాణి డబ్బా తెరిచి, “పులిహోర తెచ్చిన, తీస్కోండి అక్కా,” అంది.

“నాకు పులుపు పడది,” అంది పుష్ప. పొద్దున బస్టాపు దగ్గర కొన్న పచ్చి మామిడి ముక్కలు ఆమె సంచిలో సగం ఇంకా ఉన్నాయి.

ఇంగువ వాసన గదంతా నిండింది. పుష్ప తన డబ్బాలోని తొక్కు కలిపిన మెతుకులను మింగుతూ కూర్చుంది. సాయంత్రం ఇంటికి పోతూనే తల్లితో, “అవ్వా, పులిహోర చెయ్యి,” అంది.

“ఏందే? ఇయ్యాల ఏం పండుగ?” అంది మొగులమ్మ.

“తినబుద్ధైంది. చెయ్యమంటే చెయ్యరాదా.”

మొగులమ్మ చేసింది. పుష్ప రెండు ముద్దలు తిని, “గట్ల రాలే,” అని పళ్ళెం నెట్టేసింది.

“ఎట్ల రాలే? ఎవల లెక్క రావాలె?” అని తల్లి అడుగుతుంటే చెయ్యి కడుక్కుని లేచిపోయింది.

ల్యాబులో మాత్రం జవాబులకు కొదవ ఉండేది కాదు. “నా ప్లేట్లల్ల మనుషులుంటరు శ్రీవాణీ. నీ దాంట్ల ఉత్త నంబర్లే,” అనేది. వినడానికి ఎంతో బాగున్న మాట. నిజానికి ఆమెకు నంబర్ల మీద కోపమేమీ లేదు. ఆ టింగ్ తన చేతిలో మోగి ఉంటే నంబర్లంత మంచివి ప్రపంచంలో లేవని ఒప్పుకునేదే.

ఆ శనివారం సూర్యారావు షీటుతో మొదటిసారి నిజం నమూనాలు పెట్టించాడు. ప్లేటు బొమ్మ శ్రీవాణి షీటుది, గుంటల్లో పోసే చెయ్యి పుష్పది. పోయడంలో శ్రీవాణికి ఇంకా చెయ్యి తిరగలేదు.

“అక్కా, నేను స్కాన్ చేసిన వరుసలనే పోయండి. ఆఖరుకు తెలిసిన సరుకు, దాని పక్కన నీళ్ళు. అంతే,” అంది శ్రీవాణి.

“నాకు పోసుడు నేర్పుతున్నవా?” అంది పుష్ప. కానీ వరుస తప్పకుండానే పోసింది. కుళ్ళు ఎంతున్నా పనిలో మోసం ఆమె చేతికి రాదు. మిషన్‌లో ప్లేటు పెట్టి మూత వేసింది.

మధ్యాహ్నం ఫలితం తెర మీదకొచ్చింది. క్షయ ఉందని ముందే తెలిసిన గుంట చచ్చినట్టు చీకటిగా పడుంది. ఉత్త నీళ్ళ గుంట మాత్రం దీపావళి లాగా వెలుగుతోంది.

సూర్యారావు గదిలోకి అందరినీ పిలిచాడు. “రండి రండి, చూడండి! నీళ్ళకి క్షయ వచ్చిందంట! మందులు రాసిద్దామా నీళ్ళకి?” తర్వాత గొంతు మారింది. “ఏమ్మా, మీ నాన్న కొట్లో కందులు తూచినట్టనుకున్నావా ఇది? ఈ రిపోర్టులు బయటికెళ్తే నా ఉద్యోగం ఊడేది.”

“సార్, నేను మళ్ళ మళ్ళ చూసుకున్న. షీట్ల తప్పు లేదు సార్...”

“షీట్లో లేకపోతే నీళ్ళలో ఉందా? సోమవారం సంజాయిషీ రాసి నా టేబుల్ మీద పెట్టు. ఈ షీటు, గీటు బంద్. పుష్పా! అమ్మా పుష్పా! నీ పాత పద్ధతిలో నువ్వే మళ్ళీ పెట్టు.”

అమ్మా పుష్పా. ఆ మాటకు పుష్ప ముఖంలో పొంగిన నవ్వును మాస్కు దాచింది. లేకపోతే గదిలో అందరూ చూసేవాళ్ళు. శ్రీవాణి స్కానర్‌ను డ్రాయరులో పెట్టేసి బయటికి పోయింది. గదిలో టింగ్ లేదు. ఎంత సుఖం!

ట్యూబుల్లో మిగిలిన సరుకుతో పుష్ప మళ్ళీ మొదలుపెట్టింది. కొత్త ప్లేటు ముందు పెట్టుకుని, తెర మీద ఖాళీ ప్లేటు బొమ్మ తెరిచి, మొదటి పేరు కొట్టడానికి గుంట మీద నొక్కింది. పేరు సగం కొట్టి ఆగింది.

ఆమె నొక్కింది ఎడమ చివరి గుంట కాదు. కుడి చివరిది.

కనకమహాలక్ష్మిది ఎడమచేతి వాటం. పోసిన గుంటల మీదుగా చెయ్యి పోతే బొట్టు రాలి నమూనాలు కలుస్తాయని, ప్లేటును ఎప్పుడూ కుడి చివరి వరుస నుంచి మొదలుపెట్టి ఎడమకు వచ్చేది. ఆమె పక్కన నిలబడి నేర్చుకున్న పుష్ప కూడా, కుడిచేతి మనిషే అయినా, అట్లాగే నేర్చుకుంది. పోసేది కుడి నుంచి, పేర్లు కొట్టేదీ కుడి నుంచే. చెయ్యీ తెరా ఎప్పుడూ ఒకే మాట మీద ఉన్నాయి కాబట్టి ఆమె రిపోర్టు ఏనాడూ తప్పలేదు. అది తిరగేసిన పద్ధతని ఆమెకు తోచే సందర్భమే రాలేదు. శ్రీవాణి షీటు మాత్రం లోకంలో అందరి లాగే ఎడమ నుంచి మొదలైంది. ఎటువైపు నుంచి పోయాలో చెప్పాలని ఆ పిల్లకు తోచలేదు. అడగాలని ఈమెకు తోచలేదు. షీటులో తెలిసిన సరుకున్న చోట నిజంగా క్షయ లేని మనిషి బొట్టు, నీళ్ళున్న చోట క్షయ ఉన్న రోగి బొట్టు పడ్డాయి.

షీటు ఒప్పే. చెయ్యే తిరగబడింది.

పుష్ప అటూ ఇటూ చూసింది. గదిలో ఎవరూ లేరు. సగం పేరు పూర్తి చేసింది. తర్వాత పేరు కొట్టింది. కుడి నుంచి ఎడమకు, ఎప్పటిలాగే, ప్లేటు మొత్తం. సాయంత్రానికి ఫలితం శుభ్రంగా వచ్చింది. “పాత పద్ధతి పాత పద్ధతే!” అని సూర్యారావు ఆమె కుర్చీ వీపు మీద తట్టాడు. ఆమె వీపు మీద కాదు గనక బతికిపోయాడు.

ఇస్నాపూర్ పోయే షేర్ ఆటోలో ఇరుక్కుని కూర్చున్నంతసేపూ పుష్ప తనకు తాను చెప్పుకుంటూనే ఉంది. నేనేం చేసిన? కావాలని చేసిన్నా? దానికి నాయిన ఉన్నడు, దుకాణం ఉన్నది. నాకు ఆ కుర్సీ తప్ప ఏమున్నది? ఎంత చెప్పుకున్నా గడప దాటేసరికి ఆ మాటల్లో ఉప్పు సరిపోలేదు.

ఆదివారం మొగులమ్మ వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. కాజీపల్లిలో ఒక మందుల కంపెనీలో ఏళ్ళ తరబడి ఊడ్చిన మనిషి. తన కుటుంబం కూలి చేసిన పొలాలే కంపెనీలైతే, ఆ కంపెనీల్లోనే చీపురు పట్టింది.

“ముఖం గట్లెందుకు పెట్టినవే? పులిహోర చెయ్యాల్నా మల్ల?”

పుష్ప చెప్పేసింది. షీటు సంగతి, కుడివైపు సంగతి, అమ్మా పుష్పా సంగతి. చెప్పి, “జెప్తే నన్ను కిందికి పంపుతరు. జెప్పకపోతే దాన్ని ఎల్లగొడ్తరు. నువ్వే చెప్పు,” అంది.

మొగులమ్మ గింజ ఒకటి దూరంగా విసిరింది. “మా కంపెనీకి ఊడ్చే మిషిన్ వచ్చింది ఎరికేనా? బీహార్ పిలగాడు నడిపేటోడు. కుర్సీల కూసొని నడిపేది. వాన్ని జూస్తే నా ఒళ్ళు భగ్గుమనేది.”

“ఎన్నడు చెప్పలే!”

“ఏం చెప్పాలె? ఒకనాడు దాని చక్రంల చీపురు పుల్లలు ఇరికిచ్చిన.”

“అవ్వా!”

“బంద్ పడ్డది. ఆ పోరన్ని తిట్టిండ్రు, తీసేసిండ్రు. కడుపుల సల్లగైంది. మిషిన్ బాగు చేయించిండ్రు. ఇంకొకన్ని పెట్టిండ్రు. నన్ను గూడ తీసేసిండ్రు.” చింతపండు ముద్దను అటూ ఇటూ తిప్పి చూసింది. “వాడు పోయినంక నాకు ఒక్కరోజన్న ఎక్కువ పని దొరికిందా? తిట్టిన ఆఫీసరు మాత్రం ఆడ్నే ఉన్నడు. వాని కుర్సీ మీద ఎవనికీ కుళ్ళు రాదు. ఎందుకంటే మనకు వాడు కనవడడు.”

పుష్ప కూడా పక్కన కూర్చుని గింజలు తీయడం మొదలుపెట్టింది.

సోమవారం పొద్దున శ్రీవాణి ముందు తెల్ల కాగితం ఉంది. పైన ‘గౌరవనీయులైన’ అని మాత్రం రాసి ఉంది.

“రాయకు,” అంది పుష్ప.

“రాయకపోతే సార్ ఊరుకుంటడా?”

“నీ షీటు మంచిగనే ఉన్నది. నేను కుడి నుంచి పోసిన. నాకు ఎప్పుడు అదే అలవాటు.”

శ్రీవాణి లేచి నిలబడింది. ప్లేటు తీసి ఒకసారి ఇటు, ఒకసారి అటు తిప్పి చూసింది. ముఖం ముందు తెల్లబడి, తర్వాత ఎర్రబడింది. “మీకెప్పుడు తెలిసింది?”

“శనివారమే. మల్ల పెట్టేటప్పుడు.”

“ఇయ్యాల సోమవారం అక్కా.”

“అవును.”

“రెండు రోజులు నేను అన్నం తినలే. మా నాయిన, ‘నీకెందుకు బిడ్డా ఈ తిప్పలు, ఇంట్ల కూసో’ అన్నడు. నేను ఆయనతోని కొట్లాడి వచ్చిన. మీరు రెండు రోజులు ఎందుకు...”

“కుళ్ళు,” అంది పుష్ప. ఇంకో మాట వెతికింది గానీ దొరకలేదు. “నిన్ను జూస్తే నాకు కుళ్ళు. నీ పులిహోర జూసినా కుళ్ళే.”

శ్రీవాణికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఏది ముందో తేలక దగ్గింది. పుష్ప ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చెత్తబుట్టలో వేసి, సూర్యారావు గదిలోకి తానే పోయింది.

ఆయన అంతా విన్నాడు. కోప్పడతాడనుకుంది. ఆయన ముఖం వికసించింది. “అంటే షీటు కరెక్టేనా? మరి ముందే చెప్పొద్దూ! రేపటి నుంచి షీటే.” శ్రీవాణికి క్షమాపణ చెప్పాలని ఆయనకు తట్టలేదు. పుష్పను కిందికి పంపాలనీ తట్టలేదు, ఎందుకంటే పోసే చెయ్యి ఆమెది ఒక్కటే.

శ్రీవాణి షీటులో ఒక కొత్త గడి పెట్టింది. దాన్ని నొక్కితే షీటు కుడి నుంచి మొదలవుతుంది.

“ఎందుకిది? నేనే మార్చుకుంట,” అంది పుష్ప.

“మీ చెయ్యి మారేదాక, అక్కా.”

ఆ గడి మీద కూడా పుష్పకు కుళ్ళే వచ్చింది. ఇంత సులువుగా మంచిదనం చూపించగలగడం ఎక్కడి నుంచి వస్తుంది ఈ పిల్లకు? అయినా స్కానర్ అందుకుంది. టింగ్. తన చేతిలో మోగితే అంత చెడ్డ చప్పుడేమీ కాదు.

తర్వాత జరిగింది మొగులమ్మకు ముందే తెలిసినదే. షీటు వల్ల మిగిలిన సమయం పుష్పకూ దక్కలేదు, శ్రీవాణికీ దక్కలేదు. సూర్యారావు ఆ సమయంలోకి ఇంకో క్లినిక్కు నమూనాలు తెచ్చి కుక్కాడు. ప్లేట్లు రెట్టింపయ్యాయి. నమూనాల డబ్బాలు దించుకునే పని కూడా పుష్ప మీదే పడింది. శ్రీవాణి ట్రైనింగు ముగియగానే పిలిచి, “షీటు అయిపోయింది కదమ్మా, ఇంక నీకిక్కడ పనేముంది?” అన్నాడు. షీటు మాత్రం ల్యాబుదే.

పుష్ప ఉండబట్టలేక అడిగింది. “సార్, ఆ పిల్లను ఉంచుండ్రి. పని డబల్ అయ్యింది.”

“డబల్ ఎక్కడ? పని మిషన్ చేస్తోంది కదా!”

“అట్లయితే డబ్బాలు గూడ మిషిన్‌నే దించుకోమనుండ్రి,” అని, చేతిలో ఉన్న నమూనాల డబ్బాను ఆయన టేబుల్ మీద, సరిగ్గా ఆయన టీ కప్పు పక్కన పెట్టింది. “ఇది నా పని కాదు. మనిషినియ్యుండ్రి. అందాక ఇది ఈడ్నే ఉంటది.”

కఫం డబ్బాను చూసి సూర్యారావు టీ కప్పు ఎత్తుకుని లేచాడు. డబ్బా ఆ సాయంత్రం దాకా అక్కడే ఉంది. చివరికి ఆయనే గ్లౌజులు తొడుక్కుని దాన్ని ఫ్రిజ్‌లో పెట్టాడని చూసినవాళ్ళు చెప్పారు. మనిషిని ఇంకా ఇవ్వలేదు. డబ్బాలు ఇంకా ఆయన టేబుల్ మీదే పెడుతోంది పుష్ప.

శ్రీవాణిని తీసుకుపోవడానికి ప్రహ్లాద్ కారులో వచ్చాడు. ఆ పిల్ల గది గుమ్మంలో నిలబడి, “దుకాణంల కూసుంట అక్కా, ఇంకో ఉద్యోగం దొరికేదాక,” అంది. పుష్ప చేతిలో ఒక డబ్బా పెట్టింది. మూత తీయకుండానే ఇంగువ వాసన వచ్చింది.

పుష్ప కిటికీలోంచి కిందికి చూసింది. కారు అద్దాలు పైకి లేచి ఉన్నాయి. వెనక సీట్లో శ్రీవాణి తల వంచుకుని కళ్ళు తుడుచుకుంటోంది. ముందు సీట్లోంచి తండ్రి చెయ్యి వెనక్కి చాపి ఆమె తల మీద పెట్టాడు. కారు సంగారెడ్డి దారి పట్టింది.

‘సూడు, ఏడ్వనీకి గూడ దీనికి ఏసీ కారున్నది,’ అనుకుంది పుష్ప. పోయేదానికి ఒక ఇల్లుంది, కూర్చోబెట్టే దుకాణముంది, తల మీద పెట్టే చెయ్యి ఉంది. ఆ కుళ్ళు ఎక్కడికీ పోలేదు, నేటికీ ఉంది. ఎవరి మీద పడాలో మాత్రం దానికి ఇప్పుడు ఇంకో చిరునామా, టీ కప్పు ఉన్న టేబుల్ చిరునామా కూడా తెలుసు.

ఆమె కుర్చీలో కూర్చుని డబ్బా తెరిచి పులిహోర తిన్నది. ఒక్క మెతుకు మిగల్చలేదు. చేతులు కడుక్కుని, కొత్త ప్లేటు ముందు పెట్టుకుంది. చెయ్యి అలవాటుగా కుడి చివరికి పోయింది. మార్చుకుందామని ఒక్క క్షణం ఆగింది. మార్చుకోలేదు. తెర మీద శ్రీవాణి పెట్టిన గడిని నొక్కి, కుడి నుంచే మొదలుపెట్టింది.